పర్లాకిమిడిలో బోర్డు లేని జిరాక్స్ కొట్టు: రెండేళ్ళు పని చేయించుకున్నాక

ఒడిశాలోని పర్లాకిమిడి స్టేషన్లో దిగి బజారు వైపు నడుస్తుంటే ఒక సందు మొదట్లో, టీ బడ్డీ పక్కన ఈ కొట్టు ఉంటుంది. బోర్డు కోసం వెతక్కండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఎత్తుకుపోయాక మళ్ళీ పెట్టించలేదు. నీలం రంగు తలుపులు, గుమ్మంలో కాగితం రీముల అట్టపెట్టెలు, లోపలి నుంచి వేడి టోనరు వాసన, అవే గుర్తులు. యజమాని తన పేరు రాయొద్దన్నారు. నేను ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తాను, ఇక్కడా అలాగే రాస్తాను.

జిరాక్స్ కొట్టు గురించి ఇంత రాయాలా అని ఎవరైనా అనుకోవచ్చు. రెండేళ్ళుగా నా పరిశోధనకి సంబంధించిన దాదాపు ప్రతి కాగితమూ ఈ కొట్టులోంచే బయటికొచ్చింది. నాలుగు చోట్ల ఆ కాగితాన్ని నాకంటే బాగా ఆలోచించి తయారుచేసింది వీళ్ళే. ఆ నాలుగు చోట్ల గురించీ చెప్పాలని ఉంది.

మాది పర్లాకిమిడే. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. మెకానికల్‌లో బి.టెక్. చేసి, తర్వాత దారి మార్చుకుని ఇంజినీరింగు చదువు మీదే పిహెచ్‌డి చేశాను. ఇప్పుడు పోస్ట్‌డాక్‌ని. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల ఇంజినీరింగు కాలేజీల్లో డిపార్టుమెంటు అలవాట్లు ఎలా మారతాయి, ఎక్కడ మారకుండా మొండికేస్తాయి అన్నది నా పని. మొదటిరోజు ఈ మాట చెబితే బాబాయ్ కళ్ళద్దాలు పైకి నెట్టుకుని, "పీహెచ్‌డీ అయిపోనాక మళ్ళీ సదువేటి పాపా?" అన్నారు. చదువు కాదు బాబాయ్, జీతమిచ్చి చేయించుకునే పరిశోధన అన్నాను. "మరైతే కాయితాలు సానా అవుతాయి" అని కొత్త ఖాతా పుస్తకం తీశారు. అన్నట్టే అయ్యాయి.

మొదటి పని ప్రశ్నావళి. మూడు భాషల్లో కావాలి: ఇంగ్లీషు, తెలుగు, ఒడియా. మొదటి సంవత్సరం పిల్లల్లో ఇంగ్లీషులో అడిగితే ఇంగ్లీషు మార్కుల కోసం జవాబు చెప్పినట్టు చెప్పేవాళ్ళు చాలామంది. వాళ్ళ మనసులో మాట బయటికి రావాలంటే ఇంటి భాష కావాలి. నేను "మీ డిపార్టుమెంటు సంస్కృతి గురించి చెప్పండి" అని రాసిచ్చాను. టైపు చేస్తున్న ఆవిడ ఆగిపోయారు. ఆవిడది ఒడియా కుటుంబం, తెలుగు కూడా వేగంగా టైపు చేస్తారు. కాలేజీ పిల్లలు ఆవిడను నానీ అంటారు, ఇక్కడి ఒడియాలో అక్కయ్య అని. నేనూ నానీ అనే అంటాను. "సంస్కృతి అంటే పిల్లలు డాన్సుల గురించి రాస్తారమ్మా, కాలేజీ ఫంక్షను గురించి రాస్తారు. ఒడియాలో వేసినా అదే మాట, అదే గొడవ" అన్నారు.

నేను ఒప్పుకోలేదు. సరే, పది కాపీలు తీసి చూద్దామన్నారు బాబాయ్. పదిమంది పిల్లలకిచ్చాను. నానీ చెప్పినట్టే వచ్చింది. సరస్వతీ పూజ, రంగోలీ పోటీ, సంబల్‌పురి డాన్సు. ప్రయోగశాలలో ఏం జరుగుతుందో, ప్రశ్న అడిగితే సార్ ఏమంటారో ఒక్కరూ రాయలేదు. తిరిగి వెళ్ళి ముగ్గురం కూర్చున్నాం. ఒడియాలో చళణి అని పెట్టమన్నారు నానీ. నడిచే తీరు, వాడుక అని దానికి అర్థం. తెలుగులో ఏ ఒక్క మాటా కుదర్లేదు. చివరికి "మీ డిపార్టుమెంటులో ఎవరూ చెప్పకపోయినా అందరూ చేసే పనులు ఏవి?" అని వేశాం. ఆ వాక్యం నా పరిశోధనలో ఇప్పటికీ అలాగే ఉంది. ఇదే ఊళ్ళో పంతులుగా ఉంటూ సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని, పిల్లలకు మాట్లాడే భాషలోనే చదువు చెప్పాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారి గురించి చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాను. విన్నది నా సొంత ప్రశ్నాపత్రం దగ్గరికొచ్చేసరికి గుర్తురాలేదు. గుర్తుచేసింది నానీ.

ఈ రంగంలో సంస్కృతి అన్న మాటకు అర్థం వేరు. సంస్థల తీరును పరిశోధించిన ఎడ్గార్ షైన్ వాటి సంస్కృతికి మూడు పొరలు చెప్పారు. పైన కంటికి కనిపించేవి. మధ్యలో మేం ఇది నమ్ముతాం అని సంస్థ చెప్పుకునేవి. అడుగున ఎవరూ పైకి అనకుండానే అందరూ నిజమని అనుకునేవి. మార్పు ఆ అడుగు పొరకు చేరకపోతే పైన ఎంత మార్చినా వెనక్కి వచ్చేస్తుంది. ఇంజినీరింగు చదువుకు దీన్ని పట్టి చూసినవాళ్ళలో న్యూజీలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయం ఇంజినీరింగు స్కూలును పరిశీలించిన ఎలిజబెత్ గాడ్‌ఫ్రే, లెస్లీ పార్కర్ ముఖ్యులు. 2010లో వాళ్ళు ఆరు కోణాలు చెప్పారు. ఇంజినీరు ఆలోచించే తీరు, పనిచేసే తీరు, ఇంజినీరు అంటే ఎవరన్న గుర్తింపు, వేరేవాళ్ళను తమలో కలుపుకోవడం, మనుషుల మధ్య సంబంధాలు, బయటి ప్రపంచంతో సంబంధం. నా ప్రశ్నావళి ఆ ఆరింటి చుట్టూనే తిరుగుతుంది. అమెరికాలో పరిశోధనలకు ప్రభుత్వ నిధులిచ్చే నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2015 నుంచి ఒక్కో కోర్సును కాకుండా డిపార్టుమెంటు మొత్తాన్ని మార్చే ప్రాజెక్టులకు డబ్బివ్వడం మొదలుపెట్టింది. జట్టులో డిపార్టుమెంటు హెడ్డుతో పాటు సామాజిక శాస్త్రం తెలిసిన మనిషి కూడా ఉండాలని నియమం పెట్టింది. ఆ నియమం నాకు చాలా ఇష్టం. నా జట్టులో ఆ మనిషి నానీ అనుకుంటాను.

రెండో పని ఇంటర్వ్యూలు. రికార్డింగు విని నేను చేత్తో రాసుకునేదాన్ని, వాటిని టైపు చేయించాలి. పేర్లన్నీ తీసేసి అంకెలు పెట్టాను. అయినా పరిశోధన వల్ల ఎవరికీ హాని జరక్కుండా చూసే ఎథిక్స్ కమిటీ, టైపు చేసేవాళ్ళు కూడా గోప్యత పత్రం మీద సంతకం పెట్టాలంది. ఇంకో ఊళ్ళో ఒక కొట్టులో అదే పత్రం ఇస్తే చదవకుండా సంతకం గీకి ఇచ్చేశారు. ఇక్కడ నానీ రెండుసార్లు చదివారు. మర్నాడు రమ్మన్నారు. మర్నాడు వెళ్తే, "మా మేనల్లుడు ఫలానా కాలేజీలో చదువుతున్నాడమ్మా. వాడు నీతో మాట్లాడాడో లేదో నాకు తెలీదు, తెలియకూడదు కూడా. ఆ కాలేజీ కాయితాలు నాకివ్వకు" అన్నారు. ఆ ముప్పు నాకు తట్టనేలేదు. ఆ కాలేజీ కట్టలన్నీ నేనే కూర్చుని టైపు చేసుకున్నాను, మూడు వారాలు పట్టింది. మిగతావి వెనక గదిలో, తలుపు వేసుకుని, ఫోను బయటి బల్ల మీద పెట్టి నానీయే చేశారు. సాయంత్రానికి పెన్‌డ్రైవ్ నా చేతికిచ్చి, కంప్యూటర్లో ఫైలు తుడిచేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసి చూపించేవారు. ఒక్కరోజు కూడా తప్పలేదు.

టైపింగు గురించి ఫిర్యాదులూ ఉన్నాయి. తెలుగు మొదట్లో అను ఫాంట్లలో చేశారు. నా సాఫ్ట్‌వేరులోకి ఎక్కించేసరికి అక్షరాలన్నీ పిచ్చి గుర్తులైపోయాయి, ఒత్తులు ఒకచోట, గుణింతాలు ఒకచోట. ఒడియా ఆకృతి ఫాంట్లతోనూ అదే కథ. నలభై పేజీలు మళ్ళీ, ఏ కంప్యూటర్లోనైనా అక్షరం చెడకుండా కనిపించే యూనికోడ్‌లో చేయాల్సి వచ్చింది. రెండోసారి పనికి డబ్బు తీసుకోలేదు గానీ నాకు వారం పోయింది. మీరు ఇచ్చేటప్పుడే యూనికోడ్ అని గట్టిగా చెప్పండి.

మూడోది ఈ కొట్టుకే ప్రత్యేకమైనది. దీని ముందు నా సంగతి ఒకటి చెప్పాలి.

బి.టెక్. రెండో ఏడాదిలో మా ఫ్లూయిడ్ మెకానిక్స్ ల్యాబులో వెంచురీమీటర్ ప్రయోగం చేశాను. గొట్టం సన్నబడే చోట నీటి పీడనం తగ్గుతుంది. ఆ తేడాను మానోమీటర్లో, అంటే పీడనం తేడా చూపించే గొట్టాల్లో, చదివి, నీరు ఎంత పోవాలో లెక్క కడతాం. నిజంగా ఎంత పోయిందో తొట్టెలో కొలుస్తాం. నిజంగా పోయినదానికి, లెక్కలో వచ్చినదానికి ఉండే నిష్పత్తి కోఎఫిషెంట్ ఆఫ్ డిశ్చార్జ్. మంచి పరికరంలో 0.95 నుంచి 0.98 దాకా రావాలి. నాకు 0.81 వచ్చింది. మూడుసార్లు చేసినా అటూ ఇటూగా అంతే. ప్రయోగాలు రాసే రికార్డులో అదే రాస్తే సార్ ఎర్ర సిరాతో కొట్టేసి "సీనియర్ రికార్డు చూసి దిద్దుకురా" అన్నారు. దిద్దుకుని 0.97 రాశాను. పదికి పది వచ్చాయి. చాలా ఏళ్ళ తర్వాత ఇంకో ల్యాబులో అదే పరికరం మీద పిల్లలకి చెప్పాల్సి వచ్చినప్పుడు తెలిసింది. మానోమీటరు గొట్టాల్లో గాలి బుడగ నిలిచిపోతే తేడా ఉన్నదానికంటే ఎక్కువగా చూపించగలదు, అప్పుడు నిష్పత్తి తగ్గుతుంది. ముందు గాలి వదిలేయాలి. ఆ 0.81లో నేర్చుకోవాల్సిన పాఠం మొత్తం ఉంది. దాన్ని కొట్టేసి మార్కులిచ్చారు. నేను ఈ రంగంలోకి రావడానికి ఆ ఎర్ర గీత ఒక కారణం.

బాబాయ్‌కి ఈ కథ చెప్పలేదు. ఒకరోజు సాయంత్రం కరెంటు పోయి ఇన్వర్టరు మీద ఒక్క లైటే వెలుగుతోంది, మిషను ఆగిపోయింది. కౌంటరు మీద ఎవరో కుర్రాడు కాపీకి వదిలివెళ్ళిన సీనియర్ రికార్డు ఉంది. బాబాయ్ దాన్ని తిప్పుతూ అడిగారు. "నానొకటి అడగాల పాపా. ఈ నీల్ల గొట్టం ప్రయోగం ఉంది సూడు, పదేల్ల నుంచీ తీస్తన్నాను, ఎవుడు తెచ్చినా ఒకటే అంకె. ఆ గొట్టం అరగదా?"

నేను కుర్చీలో కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను. కాలేజీల్లో అందరితో మాట్లాడాను, హెడ్డులతో, ల్యాబ్ అసిస్టెంట్లతో, నాలుగో ఏడాది పిల్లలతో. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. పదో తరగతి దాకా చదివి, పదేళ్ళు ఆ పేజీ మీద జిరాక్స్ మిషను మూత మూసి తెరిచిన మనిషి అడిగారు. అడుగు పొర అంటే ఇదే. ల్యాబ్ మాన్యువల్‌లో "ప్రయోగం ద్వారా కనుగొనుము" అని ఉంటుంది. జవాబు ముందే ఉంది, నువ్వు చేరుకోవాలి, చేరకపోతే తప్పు నీది అన్నది ఎక్కడా రాసి ఉండదు. పిల్లలందరికీ అది మొదటి నెలలోనే తెలిసిపోతుంది. ఆ తర్వాత నా ప్రతి ఇంటర్వ్యూలోనూ ఈ ప్రశ్న చేర్చాను: మీ ల్యాబులో గొట్టం అరుగుతుందా?

ఈ కొట్టు కౌంటరు మీద కాలేజీ మొత్తం కాగితం రూపంలో పరుచుకుని ఉంటుంది. 2014 జూన్‌లో ఒక దేశం ఇంజినీరింగు డిగ్రీని మరో దేశం గుర్తించే వాషింగ్టన్ ఒప్పందంలో భారతదేశం పూర్తి సభ్య దేశమైంది. అప్పటి నుంచి ఇంజినీరింగు కోర్సుల నాణ్యతను పరిశీలించే ఎన్.బి.ఎ. గుర్తింపు కావాలంటే ప్రతి కోర్సుకూ పిల్లవాడు చివరికి ఏం చేయగలగాలో రాసి, అది మొత్తం డిగ్రీ లక్ష్యాలతో ఎంత కలుస్తుందో 1, 2, 3 అంకెలతో పట్టిక నింపాలి. ఆ ఆలోచన మంచిది. మాస్టారు ఏం చెప్పారన్నది వదిలి పిల్లవాడికి ఏం వచ్చిందన్నది అడుగుతుంది. కానీ ఆ పట్టికలు తనిఖీ కమిటీ వచ్చే వారంలో కట్టలు కట్టలుగా ఈ కొట్టుకి వస్తాయని, ఆ వారం రాత్రి పదకొండు దాకా లెక్చరర్లు ఇక్కడే నిలబడి సరిచూసుకుంటారని బాబాయ్ చెప్పారు. వాళ్ళ మొహాలు గుర్తుచేసుకుని, "పాపం, తిండి కూడా తినరు" అన్నారు. ఆ లెక్చరర్లలో కొందరితో నేనూ మాట్లాడాను. పాఠం బాగా చెప్పాలని నిజంగా తపించేవాళ్ళే. వాళ్ళ సాయంత్రాలన్నీ పట్టికలు మింగేస్తున్నాయి. 2018లో సాంకేతిక విద్య జాతీయ మండలి ఎ.ఐ.సి.టి.ఇ. నమూనా సిలబస్ ఇచ్చి డిగ్రీ మొత్తం క్రెడిట్లు, అంటే చదువు బరువును కొలిచే లెక్క, 160కి దించింది, పిల్లలకి ఊపిరాడాలని. సిలబస్ పేజీలు తగ్గాయి. ఫైళ్ళు తగ్గలేదని ఈ కొట్టు ఖాతా పుస్తకమే చెబుతుంది.

ఇప్పుడు నాలుగో పని, నాకు అన్నిటికంటే విలువైనది. నేను పనిచేస్తున్న ఒక డిపార్టుమెంటులో ఇద్దరు లెక్చరర్లు ధైర్యం చేశారు. అనుకున్న అంకె రాకపోతే మార్కులు పోవు, ఎందుకు రాలేదో వెతికి రాస్తే పూర్తి మార్కులు అన్నారు. దానికి పిల్లలకి ఒక కొత్త పుస్తకం కావాలి, ల్యాబులో నిలబడి పెన్నుతో రాసేది. అరవై పుస్తకాలు, చిన్న సైజు, ఎనభై పేజీలు. చవగ్గా అయిపోతుందని స్పైరల్ బైండింగు చెప్పాను. బాబాయ్ తల అడ్డంగా ఊపారు. "స్పైరల్ అయితే తప్పొచ్చిన పేజీ లాగేత్తారమ్మా. లాగినట్టు కూడా తెలీదు. కుట్టు ఏద్దాం. పేజీకి నంబరు కొడదాం." బీరువా అడుగు నుంచి పాత నంబరింగ్ మిషను తీశారు, ఒకప్పుడు రసీదు పుస్తకాలకి వాడినది. అరవై పుస్తకాలకీ ప్రతి పేజీ మూలా చేత్తో కొట్టారు. పరిశోధన ల్యాబుల్లో నోటుపుస్తకం కుట్టుదై ఉండాలని, పేజీ నంబర్లు ముద్రించి ఉండాలని నియమం. నాకది తెలుసు. తెలిసి కూడా చవక చూసుకున్నాను. ఆయన ఆ నియమం చదవలేదు, పిల్లలను చూశారు.

ఆ కుట్టు వల్ల ఏం దొరికిందో చెప్తాను. మొదటి నెల పుస్తకాల్లో కొట్టివేతలే కొట్టివేతలు. ఒక పేజీలో అంకె రాసి, నల్లగా పులిమి, పక్కన 0.97. స్పైరల్ అయితే ఆ పేజీ నా దాకా వచ్చేది కాదు. రెండో నెలకి పులమడం తగ్గి ఒక్క గీత మాత్రమే మిగిలింది, కింద ఉన్నది చదవగలిగేలా. ఒక అమ్మాయి గీత పక్కన ఒడియాలో రాసింది, ఇది కొట్టేయాలా వద్దా అని. నాకు ఆ ఒక్క పంక్తి వంద సర్వేలతో సమానం. అందరూ మారలేదు. కొందరు చివరిదాకా సీనియర్ అంకెలే దించారు, ఆ పేజీలూ నా దగ్గరున్నాయి. అమెరికాలో నాలుగు కాలేజీల పిల్లలను వెంటబెట్టుకుని చూసిన సామాజిక శాస్త్రవేత్త ఎరిన్ సెక్ 2014లో ఒక బాధాకరమైన సంగతి బయటపెట్టారు. ఇంజినీరింగు చదువుతున్న కొద్దీ పిల్లల్లో జనం మేలు గురించిన పట్టింపు తగ్గుతోందని. వచ్చిన అంకెను దాచడం నేర్చుకున్న పిల్లవాడు రేపు వంతెన దగ్గర, డ్యాము దగ్గర ఏం దాస్తాడన్నది నా భయం. అందుకే ఆ ఒక్క గీత కోసం ఇంత ఆరాటం.

ఒకరోజు రాత్రి తొమ్మిదింటికి బాబాయ్ ఫోను చేశారు. ఆయన ఫోను చేయడం అదే మొదలు. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి ఒకరి పేజీ ఒకరు కాపీ తీయించుకున్నారట. పేర్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇద్దరి అంకెలూ కలవలేదట, ఎందుకు కలవలేదో చూసుకురమ్మన్నారట సార్. కౌంటరు దగ్గరే నిలబడి అరగంట వాదించుకున్నారట. "గొట్టం అరిగింది పాపా" అన్నారు బాబాయ్. గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు.

ఇక వెళ్ళేవాళ్ళకి పనికొచ్చే సంగతులు. నేను ఇచ్చినప్పటి ధరలు: జిరాక్స్ ఒకవైపు రెండు రూపాయలు, పెద్ద పనికి రూపాయిన్నర. తెలుగు, ఒడియా టైపింగు పేజీకి ముప్పై. కుట్టు బైండింగు నా చిన్న పుస్తకాలకి ఒక్కోటి డెబ్భై ఐదు పడింది, నంబర్లతో కలిపి. థీసిస్‌కి కాలికో గుడ్డ అట్ట, బంగారు అక్షరాలు కావాలంటే బయటికి పంపిస్తారు, వారం పడుతుంది, ఒకసారి వెన్నుమీద నా ఇంటిపేరు తప్పుగా వచ్చింది. రంగు ప్రింట్లు బాగుండవు, గ్రాఫులకి వేరేచోటు చూసుకోండి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా మూసేస్తారు. వేసవిలో కరెంటు పోతే గంటలు గంటలు ఆగాలి, ఇన్వర్టరు మిషన్‌ని లాగదు. పాతపట్నం నుంచి వచ్చేవాళ్ళు ఉదయమే రావడం మంచిది. విశాఖపట్నం, పలాస వైపు నుంచి గుణుపూరు బండి ఎక్కేవాళ్ళకి స్టేషను నుంచి నడిచే దూరమే.

పరీక్షల ముందు వారం, కాలేజీలకి కమిటీలు వచ్చే వారం వెళ్ళకండి, నిలబడ్డానికి చోటుండదు. పిల్లల మాటలు, రోగుల మాటలు, ఇంకెవరివైనా బయటికి పోకూడని మాటలు టైపు చేయించాలంటే నానీ ఉన్న రోజు కనుక్కుని వెళ్ళండి, ఆదివారం ఉండరు. నోటుపుస్తకాలు చేయిస్తే పేజీ నంబర్లు కావాలని మీరే అడగండి. అడక్కపోతే ఆ మిషను బీరువాలోంచి తియ్యరు.